ఎడమ ముందు చక్రం సెన్సర్

కారు ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలు నన్ను ముందు అడిగేది, బండి రోగం చూపించే స్కానర్ ఏది కొనాలని. ఏదైనా కొనుక్కోండి అంటాను. స్కానర్ అబద్ధం చెప్పదు. అలాగని నిజం మొత్తం చెప్పదు. బండి తెచ్చినవాడూ అంతే, మీకంటే ముందు ఆ బండి పట్టిన మెకానిక్కూ అంతే, సామాను అమ్మినవాడూ అంతే. అందుకే ఈ పనిలో వైర్లు, ఫ్యూజులు తొందరగానే చేతికొస్తాయి కానీ, ఎవరిని ఎంతవరకు నమ్మాలన్నది ఎంతకీ రాదు. నాకైతే షెడ్డు మూసేదాకా పూర్తిగా రాలేదు.

మొదట నగరంలో ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో చేశాను. తర్వాత ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద సొంత షెడ్డు పెట్టుకున్నాను. మోకాళ్లు మొరాయించాక దాన్ని ఇచ్చేసి ఇంటిపట్టున కూర్చున్నాను. జీతాలు, పై పోస్టుల సంగతి ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. పనికొచ్చేవి రెండు మూడు ఉన్నాయి, అవే రాస్తున్నాను.

ఓంకారం గుర్తు

షెడ్డు పెట్టిన కొత్తలో బడంగ్‌పేట్ నుంచి ఒక లెక్చరర్ కారు వదిలి వెళ్లాడు. హారన్ మోగడం లేదు, అంతే పని. సాయంత్రం వచ్చి బానెట్ లేపాడు, బ్యాటరీ మీదికి వంగి చూశాడు, మొహం మారిపోయింది. బ్యాటరీ మార్చేశారని రోడ్డు మీదికి వచ్చి నలుగురిని పోగేశాడు. సంగతేమిటంటే, ఆయన ఇంట్లోనే స్కెచ్ పెన్నుతో బ్యాటరీ మూలన చిన్న ఓంకారం రాసుకొచ్చాడు. మేము దుమ్ము పట్టిందని పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచాం. దుమ్ముతోపాటు ఓంకారమూ పోయింది. ఆ బ్యాటరీ అమ్మిన దుకాణం మనిషి వచ్చి ఇది నేనిచ్చిందేనని చెప్పేదాకా ఆయన శాంతించలేదు.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే ఆయన తప్పేమీ కనిపించలేదు. ఈ లైన్లో మంచి డైనమో తీసి పాతది బిగించినవాళ్లను నా కళ్లతో చూశాను. కొత్త డబ్బాలో దుమ్ము దులిపిన పాత సామాను పెట్టి అమ్మే దుకాణాలనూ చూశాను. జనం ఊరికే గుర్తులు పెట్టుకోరు. అందుకే మా వైపు మెకానిక్కులకు ఒక అలవాటుంది. ఏ సామాను మార్చినా పాతదాన్ని కవర్లో చుట్టి డిక్కీలో పెట్టేస్తాం. అది ఎందుకూ పనికిరాకపోయినా సరే. ఓనరు దాన్ని నెలల తరబడి డిక్కీలో మోస్తాడు, పారేయడు. పిల్లలకు చెబుతున్నాను, ఈ అలవాటు మాత్రం మానకండి.

మా మేనేజరు

సర్వీస్ సెంటర్లో మా మేనేజరు ఇంగ్లీషులో దిట్ట, కోటు మీద మరక పడనిచ్చేవాడు కాదు. ఆయనకు తెలిసిన వైద్యం ఒకటే: మార్చెయ్, చూద్దాం. స్కానర్ ఏ పేరు చూపిస్తే ఆ సామాను మార్చడం, తగ్గకపోతే దాని పక్కది మార్చడం. కస్టమరు జేబే ఆయనకు టెస్టింగ్ మీటరు. ఒకసారి నేను, ఆర్డరు పెట్టే ముందు ఎడమ వైపు సామాను తీసి కుడి వైపు, కుడిది తీసి ఎడమ వైపు వేసి చూద్దాం సార్ అన్నాను. అంత టైము ఎవడిస్తాడని అందరి ముందు కసురుకున్నాడు.

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆయన వద్దన్న పనే నా బతుకంతా అన్నం పెట్టింది. సామాను అటుదిటు మార్చినప్పుడు రోగం దాని వెంట పోతే తప్పు సామానుది. రోగం ఉన్నచోటే ఉంటే తప్పు ఇంకెక్కడో ఉంది. ఇంత చిన్న సంగతి తెలియక ఎన్ని ఇళ్లల్లో పండగ బట్టలు ఆగిపోయాయో నాకు తెలుసు.

జంగారెడ్డి కారు

ఇప్పుడు అసలు సంగతి. ఇది నేను షెడ్డు మానేశాక, మొన్నటి వానాకాలంలో జరిగింది.

ఒక పొద్దున సామ్యేలు మా ఇంటికొచ్చాడు. నా దగ్గర చాలా కాలం పని చేసి, తర్వాత బొంగులూరు దారిలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. మాటకారి కాదు, పనిమంతుడు. వచ్చినవాడు చాలాసేపు చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు. మా ఆవిడ ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది. చివరికి నోరు విప్పాడు.

"జంగారెడ్డన్న నన్ను దొంగ అంటున్నడన్నా. హోటల్ కాడ నలుగుట్ల కూసొని చెప్తున్నడు. షెడ్డుకు ఒక్క బండి వస్తలేదు. నిజం చెప్తే ఎందుకు నమ్ముతలేరన్నా?"

జంగారెడ్డిది ఆ పక్క ఊరే. పొలం ఉంది, మాటకు విలువ ఉంది, పటేల్ అని పిలుస్తారు. పాత కారొకటి కొన్నాడు, దాని పనులన్నీ సామ్యేలే చూసేవాడు. సామ్యేలు చెప్పిన కథ ఇది. కారు ముందు ఎడమ చక్రం నుంచి రొద వచ్చింది. బేరింగ్ పోయిందన్నాడు. కొత్తది తెచ్చి, లేతు షాపులో ప్రెస్సు మీద కొట్టించి బిగించాడు. రొద పోయింది. కానీ కారు షెడ్డు దాటి వీధి మలుపు తిరగకముందే మీటరు బోర్డు మీద పసుపుపచ్చ లైటు వెలిగింది. ఏబీఎస్ లైటు.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి బండి జారుతుంది. అలా జారకుండా ఆపేదే ఏబీఎస్. ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో దానికి తెలియాలి కాబట్టి ప్రతి చక్రం దగ్గరా వేలంత సెన్సర్ ఒకటి ఉంటుంది. అందులో ఒక్కటి చెడినా మొత్తం ఏబీఎస్ పడుకుంటుంది. వానలో సాగర్ రోడ్డు మీద టిప్పర్ల మధ్య నడిపేవాడికి అది చిన్న సంగతి కాదు.

బేరింగ్ పీకేటప్పుడు సెన్సర్ దెబ్బతిని ఉంటుందని సామ్యేలు అనుకున్నాడు. కొత్తది తెప్పించాడు. ఆ కారుకు అది బంగారం ధర. జంగారెడ్డి గొణుక్కుంటూనే ఇచ్చాడు. వేశారు, లైటు పోలేదు. జంగారెడ్డి కారును నగరంలో ఒక పెద్ద షెడ్డుకు తీసుకుపోయాడు. వాళ్లు స్కానర్ పెట్టి, మీ మెకానిక్ వేసింది డూప్లికేటు అన్నారు. తమ దగ్గరి సెన్సర్ వేశారు. అయినా పోలేదు. ఇక ఏబీఎస్ పెట్టె మొత్తం మార్చాలని చెప్పారు. దాని ధర వింటే ఆ పాత కారును అక్కడే వదిలేసి బస్సెక్కి రావాలనిపిస్తుంది.

జంగారెడ్డి బస్సెక్కలేదు. కారు తోలుకుంటూ ఒక నిర్ణయానికొచ్చాడు. బేరింగ్ మార్చక ముందు లైటు లేదు, మార్చాక వచ్చింది. కాబట్టి సామ్యేలే ఒరిజినల్ సామాను ఏదో లేపేసి, డూప్లికేటు పెట్టి అమ్ముకున్నాడు. ఈ మాట చాయ్ హోటల్లో పడ్డాక అడ్డేముంది? పాత పనులన్నీ జనం తిరగదోడారు. ఒకాయన నా బండి మైలేజీ అందుకే తగ్గిందన్నాడు. ఇంకొకాయన నా జాకీ కూడా పోయిందన్నాడు.

నేను సామ్యేలును కూడా వెంటనే నమ్మలేదు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే అయినా, షెడ్డు అద్దె, పిల్లల ఫీజులు మనిషిని ఏమైనా చేయించగలవు. పాత సెన్సర్ ఏదని అడిగాను. డిక్కీలో పెట్టానన్నాడు. అయితే కారు తెప్పించమన్నాను.

జంగారెడ్డి వచ్చాడు, కానీ నాతో చేయి కలపలేదు. మా ఇంటి ముందు కారు ఆపి, తాళం చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఆయన లెక్కలో నేను సామ్యేలు మనిషిని. డిక్కీ తెరిపిస్తే కవర్లో పాత సెన్సర్ ఉంది. కుడి వైపు మంచి సెన్సర్ తీసి, ఆ పాతది అక్కడ వేసి, స్కానర్ పెట్టి కారు వీధిలో నడిపించాను. కుడి చక్రం వేగం చక్కగా చూపించింది. ఎడమ చక్రం సున్నా. అంటే పాత సెన్సర్ చెడిపోలేదు, ఎక్కడికీ పోలేదు.

ఇది చెప్పగానే జంగారెడ్డి కళ్లు చిట్లించాడు. "గిది నా సెన్సరే అని ఏం నమ్మకం? నువ్వు జేబుల నుంచి తీసిపెట్టలేదని ఏం నమ్మకం?"

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. సరేలెమ్మని, కుడి వైపు నుంచి తీసిన సెన్సర్‌ను ఎడమకు వేశాను. అది ఆ కారుతో పుట్టిందే, దాన్ని ఇంతవరకు ఎవరూ ముట్టలేదు. దాంతో కూడా ఎడమ చక్రం సున్నానే. వైరు ఈ చివర నుంచి ఆ చివరదాకా మీటరు పెట్టి చూశాను, ఎక్కడా తెగలేదు. సెన్సర్లు బాగున్నాయి, వైరు బాగుంది. మరి అది ఏం చూసి లెక్కపెడుతోంది?

సెన్సర్ తీసి, ఆ రంధ్రంలోకి టార్చి వేసి చూశాను. లోపల నల్లగా, రబ్బరులాంటి ముఖం కనిపించాలి. తెల్లగా మెరిసే రేకు కనిపించింది.

బేరింగ్ ఎవరు కొట్టారని అడిగాను. లేతు షాపు చారి కొట్టాడన్నాడు సామ్యేలు. ముగ్గురం అదే కారులో బయల్దేరాం. పసుపు లైటు వెలుగుతూనే ఉంది.

లేతు షాపులో

పాత బేరింగులకు ఎటువైపైనా ఒకటే. తర్వాత వచ్చిన కార్లలో బేరింగుకు ఒక వైపు సీలులోనే అయస్కాంతాలు పొదిగి ఉంటాయి. నల్లటి ముఖం అదే. అది సెన్సర్ వైపు ఉండాలి. తిరిగేటప్పుడు ఆ అయస్కాంతాలనే సెన్సర్ లెక్కపెడుతుంది. తిరగేసి కొడితే చక్రం తిరుగుతుంది, రొద రాదు, అంతా బాగున్నట్టే ఉంటుంది. సెన్సర్‌కు మాత్రం ఏమీ కనిపించదు. గుడ్డివాడి ముందు ఎన్ని కొత్త కళ్లజోళ్లు పెడితే ఏం లాభం?

చారి పెద్దవాడు, ప్రెస్సు పనిలో చేయి తిరిగినవాడు. ఏ వైపు పెట్టి కొట్టావని అడిగాను. ముందు జంగారెడ్డి వైపు చూశాడు. తర్వాత నాతో నెమ్మదిగా అన్నాడు.

"ఈ పటేల్ ప్రెస్సు కాడనే నిలవడ్డడు సత్తన్నా. మార్కెట్ల మస్తు డూప్లికేట్ వస్తున్నయ్, కంపెనీ పేరు నా కండ్లకు కనవడాలె, గట్లనే కొట్టు అన్నడు. పేరున్న దిక్కు పైకి పెట్టి కొట్టిన."

సామ్యేలు ఆ సమయంలో గ్రీజు డబ్బా కోసం బయటికి పోయాడు. తిరిగొచ్చేసరికి బేరింగ్ చక్రం దిమ్మలో కూర్చుంది, దాని మీద చక్రాన్ని మోసే హబ్బు కూడా ఎక్కింది. ఇక ఏ వైపు ఏముందో పైనుంచి కనిపించదు.

మా వైపు ఇది చాలా చోట్ల జరిగే పనే. ఓనరు ఎదురుగా ఉంటే పేరున్న వైపు ఆయనకు కనబడేలా పెట్టి కొడతారు. ఆయన తృప్తి పడతాడు, గొడవ ఉండదు. పాత బేరింగులతో అది నడిచింది కూడా.

బేరింగ్ పీకించాను. పీకినాక అది మళ్లీ పనికిరాదు, అయినా తప్పదు. చారి లేతు కింద ఎప్పుడూ ఇనుప పొడి ఉంటుంది. చిటికెడు కాగితం మీద పోసి, తెల్లవైపు ఆనించాను. ఏమీ కాలేదు. నల్లవైపు ఆనించాను. పొడి లేచి, దువ్వెనతో దువ్వినట్టు వరసలుగా అంటుకుంది. ఆ వరసల పక్కనే కంపెనీ పేరు చెక్కి ఉంది.

జంగారెడ్డి కాగితం తన చేతిలోకి తీసుకున్నాడు. రెండు వైపులా తనే ఆనించి చూశాడు. మళ్లీ చూశాడు. చారి లేతు ఆపేశాడు.

"అయితే గిది నాతోటే అయిందన్నట్టు," అన్నాడు జంగారెడ్డి.

కొత్త బేరింగ్ నేను తెస్తానని సామ్యేలు అన్నాడు. వద్దన్నాను. గట్టిగానే వద్దన్నాను. నేను సగం జీవితం అనుమానాల మధ్య బతికినవాణ్ని, ఊరికే ఇచ్చినదాన్ని జనం ఎట్లా చూస్తారో నాకు తెలుసు. వాడు వినలేదు. "ఏ దిక్కు పెట్టాలెనో చారికి నేను చెప్పిపోవాలెగదన్నా. నా పనే గది," అన్నాడు. జంగారెడ్డి డబ్బు తీయబోతే తీయనివ్వలేదు. తనే తెచ్చి, తనే పక్కన నిలబడి, నల్లవైపు లోపలికి పెట్టించి కొట్టించాడు. కారు స్టార్ట్ చేసి గేటు దాటామో లేదో లైటు ఆరిపోయింది. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మొహం తిప్పుకున్నాడు కానీ నేను చూశాను.

హోటల్ దగ్గర

పని అయిపోయిందని సామ్యేలు అనుకున్నాడు. కాలేదని నాకు తెలుసు. కారు బాగైంది, వాడి షెడ్డు ముందు మాత్రం ఇంకా బండి లేదు. జంగారెడ్డితో ఒక్కటే చెప్పాను: ఎక్కడ అన్నావో అక్కడే పోయి చెప్పు. మనిషి మొండివాడే కానీ చెడ్డవాడు కాదు. మరునాడు పొద్దున నన్ను ఎక్కించుకుని హోటల్‌కు తీసుకుపోయాడు.

రోజూ కూర్చునే బెంచీ మీద రోజూ ఉండే మనుషులే ఉన్నారు. జంగారెడ్డి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. సామ్యేలు ఏమీ తియ్యలేదని, బేరింగ్ తిరగబడి కూర్చుందని, అట్లా కొట్టమన్నది తానేనని, దొంగ అనడం తన తప్పని చెప్పాడు. అంత పెద్ద మనిషి అందరి ముందు అంత మాట అనడం నేను ఊహించలేదు. ఆయన మీద గౌరవం కలిగింది.

తర్వాత బెంచీ చివర కూర్చున్న యాదయ్య, ఆ ఊళ్లో పాలకేంద్రం నడిపే ముసలాయన, చాయ్ ఊదుకుంటూ అడిగాడు.

"కొత్త బేరింగ్ ఫుకట్‌గ ఏసిండట గదా?"

అవును, పైసా తీసుకోలేదన్నాడు జంగారెడ్డి.

"తప్పు లేకుంటే ఎవడన్న ఫుకట్‌గ ఏస్తడా?"

పక్కవాళ్లు తల ఊపారు. మీసాల్లో నవ్వుకున్నారు. ఇంకొకతను నా వైపు చూపిస్తూ, సామ్యేలు గురువును ఎంటేస్కొని వచ్చిండు చూడు, జంగారెడ్డన్నకు ఏం ముట్టిందో అన్నాడు. వినపడనట్టే అన్నాడు, వినపడేట్టే అన్నాడు. జంగారెడ్డి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. బేరింగ్ అన్నాడు, అయస్కాంతం అన్నాడు, ఇనుప పొడి అన్నాడు. తన పిల్లల మీద ఒట్టు వేశాడు. ఒట్టు వేసేకొద్దీ వాళ్ల కళ్లు ఇంకా సన్నబడ్డాయి. మొన్న అదే నోటితో దొంగ అన్నప్పుడు ఒక్కరూ సాక్ష్యం అడగలేదు.

జంగారెడ్డి బయటికొచ్చి కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కలేదు.

"నిజం చెప్తున్నగదా సత్తన్నా. నా కండ్లతోని చూసిన గదా. ఎందుకు నమ్ముతలేరు?"

సామ్యేలు మా ఇంట్లో కూర్చుని, చెప్పులు చూసుకుంటూ, నన్ను అడిగింది కూడా ఇదే.